బురద నీళ్ళలో బ్లేడెడ్ జిగ్: అపోహలు - వాస్తవాలు

వాన పడిన మర్నాడు మా కొట్లో ఒకటే మాట. "అన్నా, నీళ్ళు టీ లాగా ఉన్నాయి. గట్టిగా చప్పుడు చేసే చాటర్‌బైట్ ఒకటివ్వు, దూరం నుంచి లాక్కొచ్చేది." చాటర్‌బైటన్నా బ్లేడెడ్ జిగ్ అన్నా ఒకటే, బరువు తలున్న గాలం, దాని ముందు నీళ్ళలో దడదడలాడే రేకు (బ్లేడు). దాంతో పట్టాలనుకునేది లార్జ్‌మౌత్ బాస్ అనే ఇక్కడి వేటచేపను. శనివారం పొద్దున ఇద్దరు ముగ్గురైనా అడుగుతారు. ఆదివారం సాయంత్రం వాళ్ళే ఫోన్ చేసి, "ఒక్కటి కూడా కొట్టలేదన్నా, ఇంకో రంగు ఉందా?" అంటారు. టెక్సాస్‌లో ప్లానో పక్కన గాలాల సామాను అమ్ముతూ పన్నెండేళ్ళయింది. ఇంకో రంగు అమ్మితే నాకే లాభం. అయినా చెప్తున్నా, తప్పు రంగుది కాదు.

అపోహ: బ్లేడు చప్పుడుకు చేప ఎంత దూరం నుంచైనా వస్తుంది. కాబట్టి ఎక్కడ విసిరినా ఒకటే.

వాస్తవం: రాదు. మీ డబ్బూ మీ ఆదివారమూ పోయేది ఈ ఒక్క నమ్మకం దగ్గరే.

చప్పుడు నీళ్ళలో దూరం పోతుంది, నిజమే. గాలిలో కంటే నాలుగు రెట్లకు పైగా వేగంగా పోతుంది కూడా. కానీ వినేవాడు కూడా ఉండాలిగా. మన బొచ్చెకు, రవ్వకు, జెల్లకు గాలితిత్తి నుంచి చెవి దాకా చిన్న ఎముకల గొలుసు ఉంటుంది, అందుకే వాటికి వినికిడి ఎక్కువ. లార్జ్‌మౌత్ బాస్‌కు ఆ గొలుసు లేదు. వంటి పక్కన తల నుంచి తోక దాకా ఉండే పార్శ్వరేఖతో అది నీటి కదలికను పసిగడుతుంది. అయితే ఆ రేఖ పనిచేసేది దగ్గరలోనే, చేప పొడవుకు ఒకటి రెండింతల దూరం లోపల. పదిహేనంగుళాల బాస్ అనుకోండి, మహా అయితే రెండున్నర అడుగులు. ఇక కన్ను సంగతి తెలిసిందే, నీరు ఎంత చిక్కబడితే ఎరను గుర్తుపట్టే దూరం అంత తగ్గుతుంది. బ్లేడు చేసే మేలు ఏమిటంటే, ఆ చివరి రెండడుగుల్లో చేప గురి తప్పకుండా చూడటం. అక్కడి దాకా ఎరను తీసుకెళ్ళాల్సింది మనమే.

మరి ఆ చేప ఎక్కడుంటుంది? నీళ్ళు బురదైతే బాస్ తిరుగుడు తగ్గించి, లోతు తక్కువలో ఏదో ఒకదాన్ని అంటిపెట్టుకుని కూర్చుంటుంది. మోడు, జమ్ము, డాక్ స్తంభం, కట్ట రివిట్‌మెంట్ రాళ్ళు, ఏదైనా సరే. మనవాళ్ళు మాత్రం గట్టు మీద నిలబడి, రాడ్‌కున్న బలమంతా పెట్టి నడి చెరువులోకి విసురుతారు. చూడ్డానికి బాగుంటుంది. అది ఖాళీ నీళ్ళలో పడుతుంది, ఖాళీ నీళ్ళలోంచి వస్తుంది.

నన్నేమీ మినహాయించుకోవట్లేదు. మొదటి ఏడాది లావన్ లేక్‌లో నేనూ అదే చేశాను. అక్కడి మట్టి గురించి ఓ మాట చెప్పాలి. గుంటూరు, ఆదిలాబాద్ వైపు వాళ్ళు చూడగానే గుర్తుపడతారు, అచ్చం మన నల్లరేగడి. ఎండితే నెర్రెలు, తడిస్తే బూటు లేవదు. ఆ సన్నని బంకమట్టి నీళ్ళలో కలిసిందంటే రోజుల తరబడి అడుక్కి దిగదు, కాస్త గాలి లేస్తే మళ్ళీ మొదటికి. ఆ రోజు మూడు గంటలు విసిరాను, నాలుగు రంగులు మార్చాను. ఇంకాస్త దూరం పోతుందని బూట్లతో నీళ్ళలోకి దిగానా, నా మోకాలి పక్కన, అడుగున్నర లోతులో, జమ్ము మొదట్లో నీళ్ళు భళ్ళుమన్నాయి. చెయ్యంత చేప. పోతూ పోతూ తోకతో బురద నీళ్ళు నా చొక్కా మీద చల్లింది. మూడు గంటలూ దాని నెత్తి మీదుగానే విసిరానన్నమాట.

కాబట్టి కొలత ఇలా పెట్టుకోండి. తెల్ల ఎర ఒకటి కట్టి రాడ్ కొసన నీళ్ళలోకి దించండి. అడుగు లోపలే కనపడకుండా పోయిందా, ఆ రోజు మీ ప్రతి విసురూ ఏదో ఒక ఆధారానికి అడుగు దూరంలో సాగాలి. గట్టుకు అడ్డంగా కాదు, గట్టు వెంబడి విసరండి, అప్పుడు ఎర దారంతా చేపలుండే చోటులోనే ఉంటుంది. ఒక మోడు దగ్గర ఒకసారి వేసి వదిలేయకండి. నాలుగైదు సార్లు, రెండు వైపుల నుంచీ వేయండి. తేటనీళ్ళలో ఇది టైమ్ దండగ, ఇక్కడ ఇదే పని. నీళ్ళలోకి దిగే ముందు కాళ్ళ దగ్గర రెండు విసుర్లు వేయండి, నా కోసం.

వేగం కూడా ఇందులో భాగమే. "చప్పుడు రావాలంటే రీల్ గట్టిగా తిప్పాలి కదన్నా" అంటారు. అక్కర్లేదు. బ్లేడు జిగ్ తలకు కొట్టుకుంటూ రాడ్ కొసను దడదడలాడిస్తుంది కదా, ఆ దడ ఆగిపోయేంత నెమ్మదిగా తిప్పి చూడండి. దానికి పిసరంత పైన ఉన్నదే మీ వేగం. గుడ్డినీళ్ళలో చేప గురి చూసుకోవడానికి టైమివ్వాలి. దడ ఉన్నట్టుండి ఆగిందంటే బ్లేడుకు నాచైనా చుట్టుకుని ఉండాలి, చేపైనా పట్టి ఉండాలి. రెండింటికీ మందు ఒకటే, తిప్పడం ఆపకండి. బరువు తగిలాక రాడ్‌ను పక్కకు లాగండి. తగిలీ తగలగానే పైకి గుంజితే నోట్లోంచి ఊడొస్తుంది.

అసలు ఈ ఎరకు పేరొచ్చింది కూడా ఇలాంటి చోటే. 2006లో ఫ్లోరిడాలోని ఒకీచోబీ సరస్సు పోటీలో బ్రయాన్ థ్రిఫ్ట్ అనే పోటీల ఆటగాడు దీంతో గెలిచాక అందరూ ఎగబడ్డారు. ఒకీచోబీ అంటే లోతు తక్కువ, గడ్డి ఎక్కువ.

మిగతావి గబగబా.

రంగు. బురదకు చార్ట్రూసా (పసుపు కలిసిన లేత ఆకుపచ్చ), తెలుపా అని గొడవలు పడతారు. 2018లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం వాళ్ళు బాస్‌ల మీద చేసిన పరిశీలనలో అవి ఎరుపునూ ఆకుపచ్చనూ బాగా గుర్తుపట్టాయి కానీ చార్ట్రూస్‌కూ తెలుపుకూ, ముదురు నీలానికీ నలుపుకూ తేడా సరిగ్గా పోల్చుకోలేకపోయాయి. ఒక ముదురుది, ఒక లేతది కొనుక్కోండి, చాలు. పదకొండు కొన్నవాళ్ళు కూడా ఉన్నారు. నేనే అమ్మాను, క్షమించాలి.

ఖరీదు. పదహారు డాలర్లది విసిరిన వెంటనే ఆడటం మొదలుపెడుతుంది, అప్పుడప్పుడు దారి తప్పి పక్కకు దూకుతుంది, చేపకు అదే రెచ్చగొట్టుడు. మంచిదే. కానీ మోళ్ళ మధ్య మొదటి గంటలోనే తెంపుకుంటారు. నేర్చుకునేదాకా ఆరేడు డాలర్లది వాడండి, అర ఔన్సుదో అంతకంటే కాస్త తేలికదో.

బురదలో చేప తినదు అనేది ఇంకోటి. వసంతంలో వెచ్చటి వాన నీరు దిగితే బ్రహ్మాండంగా తింటుంది. ఫిబ్రవరి చలి వానకు నీళ్ళు చల్లబడి చిక్కబడ్డాయా, ఆ రోజు మాత్రం ఇడ్లీలు తిని పడుకోండి.

ఇక నా దగ్గరికి వచ్చేవాళ్ళు గొంతు తగ్గించి అడిగే ప్రశ్న ఒకటుంది. "వీసా మీద ఉన్నాం, చేపలు పట్టే లైసెన్స్ ఇస్తారా? ఏమన్నా అవుతుందా?" భయపడటం సహజమే, కొత్త దేశం, యూనిఫాంలో ఎవరు కనబడినా గుండె దడే. ఇస్తారు. టెక్సాస్‌లో ఆరు నెలలకు పైగా వరసగా ఉంటున్నవాళ్ళు ఇక్కడివాళ్ళ ధరకే తీసుకోవచ్చు. వాట్సాప్‌లో తిరిగే "పట్టి వదిలేస్తే లైసెన్స్ అక్కర్లేదు" అన్న మాట నమ్మకండి, వదిలేసినా కావాల్సిందే. పదిహేడేళ్ళ లోపు పిల్లలకు అక్కర్లేదు. రే రాబర్ట్స్ లాంటి స్టేట్ పార్క్ లోపల గట్టు మీద నుంచి వేస్తే పెద్దలకూ అక్కర్లేదు. ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలకు ఒక్క రోజు లైసెన్స్ దొరుకుతుంది.

మా నాన్న వచ్చినప్పుడు అదే తీశాను. రివిట్‌మెంట్ వెంబడి ఆయన మూడో విసురుకే బాస్ పడింది. నోరు మూసి, తోక దగ్గరికి నొక్కి స్కేలు మీద పెడితే పదమూడున్నర అంగుళాలు. ఇక్కడ పద్నాలుగు ఉంటే తప్ప ఇంటికి తీసుకెళ్ళకూడదు. నీళ్ళలోకి వదిలేశాను. ఆయన స్కేలు వైపు, నీళ్ళ వైపు, నా వైపు చూశారు.

"దీనికి డబ్బులు కూడా కట్టినావా?" అన్నారు. ఇంటికొచ్చేదాకా మళ్ళీ మాట్లాడలేదు.