నెల రోజుల నోటీసు మీద తెరుచుకున్న వీధి

ఆస్ట్రేలియాలో సిడ్నీకి ఉత్తరాన 160 కిలోమీటర్ల దూరంలో ఉన్న న్యూకాజిల్ ఊళ్లో హంటర్ స్ట్రీట్ అని మెయిన్ రోడ్డు ఉంది. ఆ వీధిలో ఓ పెద్ద పాత భవనం. మొదట అందులో స్కాట్స్ అనే డిపార్ట్‌మెంట్ స్టోర్ నడిచేది. తర్వాత దాన్ని డేవిడ్ జోన్స్ కంపెనీ కొన్నది. ఊళ్లో పెళ్లి బట్టలు, స్కూల్ యూనిఫారాలు కొనాలంటే తరాల తరబడి అక్కడికే వెళ్లేవారు. 2011లో అది మూతపడింది. తర్వాత కొన్నేళ్లు దాని కింది అంతస్తులో స్థానిక నగల పనివాళ్లు, డిజైనర్లు, చిత్రకారులు ‘ఎంపోరియం’ పేరుతో చిన్న చిన్న షాపులు, స్టూడియోలు పెట్టుకున్నారు. 2022లో అదే భవనంలో క్యూటీ అనే ఖరీదైన హోటల్ తెరిచారు.

ఖాళీ భవనాలను తాత్కాలికంగా వాడుకోవడం మీద ఇప్పుడు చాలా దేశాల్లో జరుగుతున్న వాదనంతా ఈ ఒక్క భవనం కథలో ఉంది. మధ్యలో వచ్చి వెళ్లినవాళ్లు ఆ వీధికి ప్రాణం పోశారా? లేక రియల్ ఎస్టేట్‌కు ఉచితంగా ప్రచారం చేసిపెట్టి బయటికి నడిచారా? జవాబు ఎటు చెప్పాలన్నా అసలు ఆ వీధి ఎందుకు ఖాళీ అయిందో ముందు చూడాలి.

న్యూకాజిల్ బొగ్గుతో పుట్టిన ఊరు. అవబకల్, వోరిమి అనే ఆదివాసీ జాతుల నేల మీద 1804లో బ్రిటిష్ వాళ్లు ఖైదీలను తెచ్చి పెట్టి బొగ్గు తవ్వించారు. 1915లో బీహెచ్‌పీ కంపెనీ ఉక్కు ఫ్యాక్టరీ పెట్టింది. బాగా నడిచిన రోజుల్లో అందులో పది వేల మందికి పైగా పనిచేశారు. తండ్రి షిఫ్టు దిగితే కొడుకు షిఫ్టు ఎక్కే రకం ఊరు. విశాఖ ఉక్కునగరంలో పెరిగినవాళ్లకు ఈ మాట విడమరిచి చెప్పనక్కర్లేదు.

దెబ్బలు ఒకదాని వెంట ఒకటి తగిలాయి. అన్నిటికంటే ముందు వచ్చినవి శివార్లలోని షాపింగ్ సెంటర్లు. కోటారా, చార్ల్స్‌టౌన్ లాంటి చోట్ల విశాలమైన కార్ పార్కింగ్‌తో అవి వెలిశాక, పార్కింగ్ కోసం చుట్లు తిరగాల్సిన హంటర్ స్ట్రీట్‌కు జనం రావడం తగ్గింది. 1989 డిసెంబర్ 28న ఉదయం పదిన్నర కావస్తుండగా భూకంపం వచ్చింది. తీవ్రత 5.6. ప్రపంచ లెక్కల్లో అది పెద్దదేమీ కాదు గానీ, పాత ఇటుక గోడల ఊరిని కుదిపేసింది. 13 మంది చనిపోయారు, అందులో తొమ్మిది మంది వర్కర్స్ క్లబ్ కూలి పోయినవాళ్లే. పదేళ్లు తిరక్కుండానే, 1999 సెప్టెంబర్‌లో, బీహెచ్‌పీ ఉక్కు ఫ్యాక్టరీని మూసేసింది.

ఇక్కడ ఒక పొరపాటు అభిప్రాయం ఏర్పడే అవకాశం ఉంది. ఫ్యాక్టరీ పోయింది కాబట్టి ఊరు బీదదైపోయింది, అందుకే షాపులు మూతపడ్డాయి అనుకుంటాం. కానీ బొగ్గు ఎగుమతి ఆగలేదు. ప్రపంచంలోనే అతి ఎక్కువ బొగ్గు ఎగుమతి చేసే రేవు న్యూకాజిల్‌దే. యూనివర్సిటీ ఉంది, పెద్ద ఆసుపత్రులు ఉన్నాయి, సముద్రతీరం ఉంది, ఇళ్ల ధరలు పెరుగుతూనే ఉన్నాయి. అయినా ఊరి నడిబొడ్డున షట్టర్లు దించే ఉన్నాయి. 2008 నాటికి ఆ వీధి పొడవునా ఖాళీగా పడి ఉన్న భవనాలు దాదాపు 150.

ఆ లెక్క తీసినవాడు మార్కస్ వెస్ట్‌బరీ. అదే ఊళ్లో పుట్టి పెరిగినవాడు, కళల ఉత్సవాలు నడిపినవాడు. 1998లో న్యూకాజిల్‌లో ‘దిస్ ఈజ్ నాట్ ఆర్ట్’ అనే ఉత్సవాన్ని మొదలుపెట్టిన వాళ్లలో ముఖ్యుడు. తర్వాత మెల్‌బోర్న్‌లో స్థిరపడ్డా సొంతూరిలో ఏదైనా పెడదామని అద్దెకు చోటు వెతికాడు. బోర్డుల మీద నంబర్లకు ఫోన్ చేస్తే సరైన సమాధానమే వచ్చేది కాదు. ఇంత ఖాళీ ఉండగా ఒక్క గది దొరకదేమిటని ఆరా తీస్తే తేలింది ఏమిటంటే, చాలామంది ఓనర్లకు అద్దెకివ్వాలన్న తొందరే లేదు.

ఎందుకు లేదు? ఈ భాగం కాస్త ఓపికగా చదవాలి, కథకు కీలకం ఇక్కడే ఉంది. వ్యాపార భవనం విలువను దాని అద్దెను బట్టి కడతారు. నెలకు లక్ష వస్తుందని కాగితం మీద రాసుకున్న షాపును ఇరవై వేలకు ఇస్తే ఆ క్షణమే భవనం విలువ పడిపోయినట్టు లెక్క. దాని మీద బ్యాంకు అప్పుంటే ఇంకా చిక్కు. ఖాళీగా ఉంచితే మాత్రం విలువ కాగితం మీద అలాగే నిలబడుతుంది. పైగా ఆస్తి మీద వచ్చిన నష్టాన్ని మిగతా ఆదాయంలోంచి తీసేసి పన్ను తగ్గించుకునే వీలు ఆస్ట్రేలియా చట్టంలో ఉంది. ఎప్పుడో ఓ పెద్ద బిల్డర్ వచ్చి వీధి మొత్తం కొంటాడని ఆశ ఎలాగూ ఉంది. ఇక అద్దెకిస్తే అప్పటి రిటైల్ లీజు చట్టం ప్రకారం మామూలుగా కనీస గడువు అయిదేళ్లు. మధ్యలో కొనేవాడు వస్తే అద్దెదారుణ్ని ఖాళీ చేయించడం తలనొప్పి. దాంతో తాళం వేసి కూర్చోవడమే ఓనర్‌కు లాభసాటి బేరమైంది. ఆ ఖర్చంతా పక్క షాపువాడు, వీధి, ఊరు మోశాయి.

మన దగ్గర దీనికి దగ్గరి చుట్టం పదకొండు నెలల అద్దె అగ్రిమెంట్. ఏడాది దాటితే రిజిస్ట్రేషన్ చేయించాలి, అద్దెకున్నవాడు పాతుకుపోతే కోర్టుల చుట్టూ తిరగాలి అన్న భయంతోనే కదా పదకొండు నెలలకు రాసుకుంటాం. ఆ భయం మరీ ఎక్కువైనవాళ్లు అసలు ఇవ్వకుండా తాళమే వేస్తారు.

వెస్ట్‌బరీ, ఆయనతో కలిసినవాళ్లు 2008లో ‘రెన్యూ న్యూకాజిల్’ అనే లాభాపేక్ష లేని సంస్థను పెట్టారు. వాళ్లు కట్టిందేమీ లేదు, కొన్నదేమీ లేదు. వాళ్లు చేసింది ఒక కాగితం. ఉచితంగా సాయపడిన లాయర్ల చేత లీజు కాకుండా లైసెన్సు ఒప్పందం రాయించారు. లీజు రాసిస్తే అద్దెదారుకు ఆ చోటు మీద హక్కు వస్తుంది. లైసెన్సుతో వచ్చేది అందులో ఉండి పని చేసుకునే అనుమతి మాత్రమే. ముప్పై రోజుల నోటీసు ఇచ్చి ఓనర్ తన చోటు వెనక్కి తీసుకోవచ్చు. అద్దె లేదు కాబట్టి భవనం విలువకు మచ్చ పడదు. ఎవరైనా కాలు జారి పడితే ఎలా అన్న ఓనర్ భయానికి సంస్థే బీమా తీసుకుంది. ఆ సంస్థ ఓనర్‌కూ వాడుకునేవాడికీ మధ్యన నిలబడి, ఇటు చోటు తీసుకుని అటు ఇచ్చేది.

భవన నిబంధనల దగ్గర ఇంకో తెలివి చూపారు. షాపును హోటల్‌గానో పబ్‌గానో మారిస్తే కొత్త అనుమతులు, ఫైర్ సేఫ్టీ, టాయిలెట్లు అంటూ లక్షల ఖర్చు మొదలవుతుంది. అందుకని షాపును షాపుగానే, ఆఫీసును ఆఫీసుగానే వాడే పనులను ఎంచుకున్నారు. ఊడ్చి, రంగు వేసి, బల్బులు పెట్టుకుంటే చాలు. చేతి నగలు, బట్టల డిజైన్లు, ఫొటో గ్యాలరీలు, యానిమేషన్ స్టూడియోలు, సొంతంగా అచ్చేసుకునే చిన్న పత్రికలు. షరతు ఏమిటంటే చేసేది సొంత పని అయి ఉండాలి. ఎక్కడో హోల్‌సేల్‌లో కొని తెచ్చి అమ్మేవాళ్లకు చోటు లేదు. ఆ వీధిలోని అద్దె కట్టే షాపులతో పోటీ పడకూడదన్న జాగ్రత్త కూడా అందులో ఉంది. నాకు ఈ షరతే అన్నిటికంటే నచ్చింది. శివార్ల మాల్‌లో దొరకనిది ఇక్కడ దొరుకుతుంది కాబట్టే జనం మళ్లీ రావడం మొదలుపెట్టారు.

టైమ్ కూడా కలిసొచ్చింది. జీపీటీ అనే పెద్ద ప్రాపర్టీ కంపెనీ హంటర్ స్ట్రీట్ మాల్ చుట్టుపక్కల భవనాలు చాలావరకు కొని పెట్టుకుంది, అన్నీ కలిపి పెద్ద షాపింగ్ సముదాయం కట్టాలని. సరిగ్గా అప్పుడే ప్రపంచ ఆర్థిక సంక్షోభం వచ్చిపడింది. ప్రాజెక్టు ఆగింది, భవనాలు చేతిలో ఉండిపోయాయి. ఖాళీగా ఉంచితే కిటికీలు పగులుతాయి, గోడల మీద రాతలు రాస్తారు, వీధికి చెడ్డ పేరొస్తుంది. రెన్యూ న్యూకాజిల్ అడిగితే కంపెనీ ఒప్పుకుంది. 2009 మొదట్లో మొదటి తలుపులు తెరుచుకున్నాయి. తర్వాతి ఏళ్లలో డజన్ల కొద్దీ భవనాల్లో వందకు పైగా చిన్న ప్రయత్నాలు నడిచాయి. కొన్ని నెలల్లోనే మూతపడ్డాయి, కొన్ని నిలదొక్కుకుని మామూలు అద్దె కట్టి సొంత షాపులు తీసుకున్నాయి. లోన్లీ ప్లానెట్ పర్యాటక సంస్థ 2011కు చూడదగ్గ పది నగరాల జాబితాలో న్యూకాజిల్‌కు తొమ్మిదో స్థానం ఇచ్చింది. ఎనిమిదోది మన ఢిల్లీ. ఉక్కు, బొగ్గు తప్ప ఇంకేం ఉంది అనిపించుకున్న ఊరి జనం ఆ వార్త చదివి తామే ఆశ్చర్యపోయారంటే అర్థం చేసుకోవచ్చు.

ఖాళీ భవనంలోకి కళాకారులు వెళ్లడం న్యూకాజిల్ కనిపెట్టింది కాదు. యూరప్‌లో ఈ చరిత్ర అంతకు ముందే ఉంది, అయితే అక్కడ అది తాళం పగలగొట్టడంతో మొదలైంది. 1970, 80లలో ఆమ్‌స్టర్‌డామ్, బెర్లిన్‌లలో ఇళ్లు దొరకని యువకులు ఖాళీ భవనాలను ఆక్రమించి ఉండేవారు. బెర్లిన్ గోడ కూలాక 1990 ఫిబ్రవరిలో, కూల్చేయాలనుకున్న ఓ పాత వాణిజ్య భవనాన్ని కళాకారులు ఆక్రమించి ‘టాహెలెస్’ అని పేరు పెట్టారు. ఇరవై ఏళ్లకు పైగా అది నగరానికే ఓ గుర్తుగా నిలిచి, 2012 సెప్టెంబర్‌లో ఖాళీ అయింది. నెదర్లాండ్స్ 2010లో ఆక్రమణను నేరం చేసింది. న్యూకాజిల్ వాళ్లు ఓనర్ తలుపు తట్టి, తాళం చెవి అడిగి తీసుకున్నారు. అందువల్ల ప్రభుత్వాలకూ బిల్డర్లకూ ఈ పద్ధతి భయం కలిగించలేదు. అడిలైడ్‌లో 2010లో రెన్యూ అడిలైడ్ మొదలైంది. తర్వాత దేశమంతటికీ రెన్యూ ఆస్ట్రేలియా వచ్చింది. వరుస భూకంపాలకు దెబ్బతిన్న న్యూజిలాండ్ నగరం క్రైస్ట్‌చర్చ్‌లో ఖాళీ స్థలాలను ఇలాగే ఒప్పందాల మీద ఇప్పించే సంస్థ 2012లో పుట్టింది.

అయితే తాళం చెవి అడిగి తీసుకున్నవాళ్లు, అడగ్గానే తిరిగి ఇవ్వాలి. టాహెలెస్ వాళ్లను ఖాళీ చేయించడానికి ఏళ్లు పట్టింది. ఇక్కడ నెల రోజులు చాలు. హంటర్ స్ట్రీట్‌కు మంచి పేరు తిరిగొచ్చాక పెద్ద డబ్బు కూడా కదిలింది. జీపీటీ తన భవనాల్లో మూడింట రెండొంతుల వాటాను రాష్ట్ర ప్రభుత్వ సంస్థకు అమ్మింది. 2016లో ఆ ఆస్తులన్నీ ఐరిస్ క్యాపిటల్ అనే బిల్డర్ చేతికి వెళ్లాయి. అపార్ట్‌మెంట్లు, షాపులు, హోటల్ కలిపి ఈస్ట్ ఎండ్ అని ప్రాజెక్టు వచ్చింది. ఎంపోరియం ఖాళీ అయింది. 2014 చివర్లో నగర మధ్యంలోకి వచ్చే రైలు మార్గాన్ని ఎత్తేశారు. దాని బదులు 2019 ఫిబ్రవరిలో హంటర్ స్ట్రీట్ మీదుగా ట్రామ్ లాంటి లైట్ రైల్ మొదలైంది. ఆ పనులకు రోడ్డు తవ్విన కాలంలో ఉన్న కొద్దిపాటి చిన్న వ్యాపారాలు కూడా నలిగాయి. అదే 2019లో రెన్యూ న్యూకాజిల్ తన దుకాణం కట్టేసింది.

దీన్ని మోసం అనడానికి నాకు నోరు రాదు. మొదటి రోజు నుంచి కాగితంలో ఉన్నదే జరిగింది. ఎవరూ ఎవరికీ శాశ్వతంగా ఉంచుతామని మాట ఇవ్వలేదు. పైసా పెట్టుబడి లేకుండా నడివీధిలో షాపు తెరిచి, నాలుగు రకాల మనుషులతో మాట్లాడి, తమ పనికి గిరాకీ ఉందో లేదో తెలుసుకునే అవకాశం ఆ ఊరి పిల్లలకు ఇంకెలా వచ్చేది? సిడ్నీ బస్సెక్కాల్సిన వాళ్లు ఊళ్లోనే ఆగారు. కానీ లెక్క చూసుకుంటే తూకం ఓనర్ వైపే మొగ్గిందన్నదీ నిజం. పదేళ్లలో తమ చెమటతో పెంచిన వీధి విలువలో వాటా అడిగే హక్కు గురించి ఆ లైసెన్సులో ఒక్క లైను కూడా లేదు. ఓనర్‌ను భయపెట్టకూడదు కాబట్టే రాయలేదు. రాసి ఉంటే బహుశా ఒక్క షట్టరూ పైకి లేచేది కాదు.

ఈ చిక్కును వెస్ట్‌బరీ కూడా గుర్తించినట్టే ఉంది, ఆయన తర్వాతి పని చూస్తే. మెల్‌బోర్న్ నగరంలో కాలింగ్‌వుడ్ టెక్నికల్ స్కూల్ అనే పాత బడి ఏళ్ల తరబడి ఖాళీగా ఉండేది. అమెరికన్ చిత్రకారుడు కీత్ హారింగ్ 1984లో వేసిన పెద్ద గోడబొమ్మ దాని మీదే ఉంది. ఆ బడిని కళాకారుల ప్రాంగణంగా మార్చడానికి ఏర్పడిన సంస్థకు మొదటి సీఈఓగా ఆయనే పనిచేశారు. ఈసారి నెల రోజుల నోటీసు బేరం కాదు. ప్రభుత్వం ఆ ప్రాంగణాన్ని దీర్ఘకాలానికి లాభాపేక్ష లేని సంస్థ చేతిలో పెట్టింది. కళాకారులు అద్దె కడతారు, ఆ అద్దెతోనే ప్రాంగణం నడుస్తుంది. చుట్టూ భూమి ధర ఎంత పెరిగినా అమ్ముకుని వెళ్లిపోయే ఓనర్ మధ్యలో లేడు. ‘కాలింగ్‌వుడ్ యార్డ్స్’ పేరుతో ఇప్పుడు అక్కడ స్టూడియోలు, గ్యాలరీలు, సంగీత సంస్థలు నడుస్తున్నాయి. ఇలా ఇవ్వాలంటే ఆ ఆస్తి ముందు ప్రభుత్వానిదై ఉండాలి. హంటర్ స్ట్రీట్‌లో షట్టర్లు దించుకుని ఉన్న భవనాల్లో ఎక్కువ భాగం ప్రైవేటువి.