సరిహద్దు తెలుగువారి డిప్రెషన్: వైద్యం ఎక్కడ తెగిపోతోంది

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు, అంతదాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న బరంపురం, కోరాపుట్ అటు వెళ్లాయి. పర్లాకిమిడి సంస్థానం రెండు ముక్కలైంది. అక్కడి తెలుగువారి రాకపోకలు మాత్రం పాత దారినే సాగాయి: సంబంధాలు పాతపట్నం, టెక్కలి వైపు, పెద్ద జబ్బు చేస్తే విశాఖపట్నం. మహారాష్ట్రలోని సిరొంచదీ ఇదే వరస. జిల్లా కేంద్రం గడ్చిరోలి ఎంతో దూరం, గోదావరి వంతెన దాటితే తెలంగాణలోని కాళేశ్వరం.

మానసిక వైద్యం ఈ దారుల్ని పట్టించుకోలేదు. జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం 1982లో మొదలైంది. బళ్లారిలో నడిపి చూసిన నమూనాను 1996 నుంచి జిల్లాలకు తెచ్చారు. అది రాష్ట్రం లెక్కన, రాష్ట్ర భాషలో సాగింది. తెలుగు రోగికి ఒడియా ఫారం, మరాఠీ ఫారం అలా వచ్చాయి.

ఆసియావాళ్లకు డిప్రెషన్ తక్కువని, వాళ్లవన్నీ ఒంటినొప్పులేనని మానసిక వైద్యులు చాలాకాలం నమ్మారు. బాజెల్, మాంట్రియల్, టెహ్రాన్, టోక్యో, నాగసాకి నగరాల్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చేయించిన అధ్యయనం 1983లో వెలువడింది. దిగులు, ఆసక్తి చచ్చిపోవడం, నీరసం అంతటా కనిపించాయి. అపరాధభావం, ఒంటి బాధలు చోటునుబట్టి ఎక్కువ తక్కువ. 2013లో అమెరికా మానసిక వైద్యుల జబ్బుల నిర్ధారణ పుస్తకం డీఎస్ఎం-5, రోగి నమ్మకాలు తెలుసుకోవడానికి 16 ప్రశ్నలు పెట్టింది. రద్దీ ఓపీలో పదహారూ అడిగేదెవరు? మూడు అడిగినా చాలు: ఇది ఎందుకొచ్చిందంటారు, ఇప్పటిదాకా ఏం వాడారు, ఏది తగ్గితే బాగయ్యానంటారు.

రోగి చెప్పేది గుండెదడ, తలబరువు, నిద్ర పట్టకపోవడం. ఊళ్లో ఆర్ఎంపీ సెలైన్ ఎక్కిస్తాడు, రెండు రోజులు హాయిగా ఉంటుంది. మందుల షాపువాడు నిద్రకు ఆల్ప్రజోలం ఇస్తాడు, అది అలవాటైపోతుంది. హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు చేయించి, ఆ బాధలు నిజమేనని ఒప్పుకుని అక్కడినుంచి మాట మొదలుపెట్టాలి. ‘ఏమీ లేదు, అంతా మనసులోనే’ అంటే ఆ మనిషి మళ్లీ రాదు.

డిప్రెషన్ ఎంతుందో కొలిచే ప్రశ్నపత్రం పీహెచ్‌క్యూ-9. అందులో తొమ్మిది ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3 మార్కులు, మొత్తం 27. పది, ఆపైన వస్తే పట్టించుకోవాల్సిందే. ‘కొన్ని రోజులు’, ‘సగానికి పైగా’ అనే తేడా చదువులేనివాళ్లకు అందదు. గత రెండు వారాల్లో ఎన్ని రోజులని అడిగి మనమే మార్కు వేయాలి: ఒకటి వరకు 0, రెండు నుంచి ఆరు 1, ఏడు నుంచి పదకొండు 2, ఆపైన 3. అసలు చిక్కు తొమ్మిదో ప్రశ్న. అది చావు ఆలోచనల గురించి. కోడలి మాటను ఒడియాలో చెప్పేది అత్తగారైతే ఆ ప్రశ్నకు ఎప్పుడూ సున్నానే. ఇంటివాళ్లను బయట కూర్చోబెట్టి, రెండు భాషలూ వచ్చిన ఆశా కార్యకర్తతోనో నర్సుతోనో అడిగించాలి, ఇంట్లో పురుగుమందు ఎక్కడుందో కూడా. పురుగుమందు తాగినవాళ్లను పోలీసు కేసు భయంతో ‘పొరపాటున తాగింది’ అని తెస్తారు. 2018 మే నుంచి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య చట్టం ఆత్మహత్యాయత్నం చేసినవారిని తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావిస్తుంది, మామూలుగా శిక్ష లేదు. ఇంటివాళ్లకు ఈ మాట ముందే చెప్పాలి.

డిప్రెషన్ మాత్ర ఎస్సిటాలోప్రామ్ సాధారణంగా వారం 5 మి.గ్రా., తర్వాత 10. మాత్ర మొదలుపెట్టే ముందు, గతంలో ఎప్పుడైనా నిద్రే అక్కర్లేనంత హుషారు, విపరీతమైన ఖర్చు ఉన్నాయేమో కనుక్కోవాలి. ఉంటే అది బైపోలార్ అనే వేరే జబ్బు కావచ్చు, ఈ మాత్ర ఒక్కటే ఇస్తే ముదరవచ్చు. మొదటి వారాల్లో వికారం వస్తుంది, గుణం రెండు నుంచి నాలుగు వారాలకు గానీ కనపడదు. ఈ సంగతి చెప్పకపోతే మూడో రోజే మానేస్తారు. బాగయ్యాక కూడా కనీసం ఆరు నెలలు వాడాలి.

మంత్రం వేసే గురువు కట్టిన తాయెత్తును తీయమనడం అనవసరం, మాత్ర పక్కన అది ఉన్నా నష్టం లేదు. తాగించే పసరేమిటో మాత్రం అడగాలి. పక్కనే ఉన్న సవరల్లో చనిపోయినవారు పూజారి నోట మాట్లాడటం ఆచారమే. ఏడుస్తున్న ఇంట్లో ఆ మాట విని పిచ్చి అని రాసేయడం తొందరపాటు.

పనికి వలసపోయినా, పుట్టింటికి వచ్చినా మాత్రలు అయిపోయినచోట వైద్యం తెగుతోంది. 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్, నంబరు 14416, తెలుగులోనూ మాట్లాడుతుంది. అంతకన్నా అక్కరకొచ్చేది రోగి దగ్గరుండే ఒక కాగితం: కంపెనీ పేరు కాకుండా మందు పేరు, మోతాదు, మొదలుపెట్టిన తేదీ, పీహెచ్‌క్యూ మార్కులు, ఇంగ్లిషు అక్షరాల్లో. అప్పుడు విశాఖలోనైనా వరంగల్‌లోనైనా డాక్టరు మళ్లీ మొదటికి రాకుండా అదే మాత్ర కొనసాగించగలడు.