కల్చర్ పాజిటివ్ వస్తే పెద్ద ఇంజెక్షన్ పడాల్సిందేనా?

విశాఖలో మైక్రోబయాలజీ ల్యాబ్ చూసుకుంటాను. ఐసీయూ పేషెంట్ల తాలూకు వాళ్లు కల్చర్ (నమూనాలో ఏ బ్యాక్టీరియా పెరుగుతుందో చూసే పరీక్ష) రిపోర్టు ఫొటో పట్టుకుని తరచూ మా కిటికీ దగ్గరికి వస్తారు. యూరిన్‌లో క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియా, మందుల పేర్ల పక్కన వరసగా ‘ఆర్’, అంటే ఆ మందుకి లొంగదని. అప్పటికే వాట్సాప్‌లో ఎవరో "మెరోపెనం పెట్టించండి, లేకపోతే ఒళ్లంతా పాకేస్తుంది" అని భయపెట్టేసి ఉంటారు. వాళ్లు అడిగే పెద్ద ఇంజెక్షన్ ఆ మెరోపెనమే, బలమైన యాంటీబయాటిక్.

అపోహ: బ్యాక్టీరియా పెరిగిందంటే ఇన్‌ఫెక్షనే, మందు వేయాల్సిందే.

వాస్తవం: బ్యాక్టీరియా ఉండటం వేరు, అది జబ్బు చేయడం వేరు. క్యాథెటర్ (మూత్రం పైపు) వేసి నెల దాటితే దాదాపు అందరి యూరిన్‌లోనూ ఏదో ఒకటి పెరుగుతుంది. వెంటిలేటర్ ట్యూబులోంచి తీసిన కఫంలో అసినెటోబాక్టర్ అనే ఇంకో ఆసుపత్రి బ్యాక్టీరియా కనబడినా అంతే. జ్వరం ఉందా, బీపీ పడిపోతోందా, ఆక్సిజన్ పెంచాల్సి వస్తోందా, ఎక్స్‌రే మారిందా? ఇవన్నీ చూశాకే మందు మాట.

"వేస్తే పోయేదేముంది?" అంటారు. చాలా పోతుంది. మెరోపెనం పేగుల్లోని మంచి బ్యాక్టీరియాను కూడా ఊడ్చేస్తుంది. ఆ చోటును దానికి లొంగని రకాలు ఆక్రమిస్తాయి. మెరోపెనంకి లొంగకుండా చేసే ఎన్‌డీఎం-1 లాంటి జన్యువులు ప్లాస్మిడ్ల (బ్యాక్టీరియాలు ఒకదానికొకటి ఇచ్చుకునే చిన్న డీఎన్ఏ ముక్కలు) మీద ఉంటాయి కాబట్టి ఒక జాతి నుంచి ఇంకో జాతికి దాటేస్తాయి. 2009లో బయటపడిన ఆ జన్యువు మొదట దొరికిందీ క్లెబ్సియెల్లాలోనే. తర్వాతెప్పుడో నిజంగానే రక్తంలో ఇన్‌ఫెక్షన్ వస్తే మెరోపెనం పనిచేయకపోవచ్చు. కొలిస్టిన్ లాంటి చివరి మందుల దాకా వెళ్లాల్సి రావచ్చు, కొలిస్టిన్‌తో కిడ్నీలకు ముప్పు. పైగా ఆ మొండి బ్యాక్టీరియా ఒక్క బెడ్ దగ్గరే ఆగదు.

పలాస వైపు కుర్రాడొకడు అలాంటి యూరిన్ రిపోర్టే తెచ్చాడు, తండ్రికి పక్షవాతం, ఐసీయూలో ఉన్నాడు. "మేడం, డబ్బులు కట్టలేమని ఇంజెక్షన్ ఆపేశారా? పొలం అమ్మైనా కడతాను" అన్నాడు. అతని మీద కోపమెలా వస్తుంది? ఆ మెసేజ్ పెట్టిన పెద్దమనిషి ఎదురుగా ఉంటే మాత్రం గట్టిగానే అడిగేదాన్ని. తండ్రికి జ్వరం లేదు, తెల్లకణాలు మామూలుగానే ఉన్నాయి. "ఇంజెక్షన్ సంగతి వదిలెయ్ బాబూ, ఆ పైపు ఇంకా అవసరమా అని పైన డాక్టర్‌గారిని అడుగు" అన్నాను. మర్నాడు తీసేశారు. ఏ యాంటీబయాటిక్ లేకుండానే ఆయన వార్డుకి మారారు.

గర్భిణుల సంగతి వేరు, కొన్ని యూరాలజీ (మూత్రనాళాల) ఆపరేషన్ల ముందూ అంతే. యూరిన్‌లో బ్యాక్టీరియా ఉంటే, లక్షణాలు లేకపోయినా వాళ్లకు మందు ఇస్తారు. ఇక రక్తం కల్చర్‌లో క్లెబ్సియెల్లా కనబడితే రిపోర్టు టైపు చేసేదాకా కూడా ఆగం, ముందు ఐసీయూకి ఫోన్ చేస్తాం.

మిగతా అపోహలు గబగబా చెప్పేస్తాను.

"ఒళ్లు మందుకి అలవాటు పడిపోయింది." ఒళ్లు కాదు, బ్యాక్టీరియా. ఎన్నడూ యాంటీబయాటిక్ ముట్టని మనిషికీ పక్క బెడ్ నుంచి రావచ్చు.

"ఎంఐసీ అంకె తక్కువున్న మందే పవర్‌ఫుల్." ఎంఐసీ అంటే బ్యాక్టీరియా పెరగకుండా ఆపడానికి కావాల్సిన కనీస మందు మోతాదు. ఒక మందు అంకెను ఇంకో మందు అంకెతో పోల్చకూడదు. ఏ మందు హద్దు దానిదే.

"మొండి బ్యాక్టీరియాలు ప్రభుత్వాసుపత్రిలోనే ఉంటాయి." ఇచ్ఛాపురం, పాడేరు, రాయగడ నుంచి రెండు మూడు ఆసుపత్రులు తిరిగి, దొరికిన మందులన్నీ వాడేసి విశాఖ చేరేవాళ్లు అన్నిచోట్లా చేరుతున్నారు. బ్యాక్టీరియా బిల్లు చూసి రాదు.

"ఏసీ గాలికి వస్తుంది." ఎక్కువగా చేతుల వల్లే. మంచం కమ్మీ మీద అసినెటోబాక్టర్ వారాల తరబడి బతుకుతుంది. గ్లవ్స్ మార్చకుండా రెండు బెడ్లు ముట్టుకుంటే అవీ మోస్తాయి.

"శానిటైజర్‌కి అన్నీ చస్తాయి." విరేచనాలు తెప్పించే క్లాస్ట్రిడియం డిఫిసిల్ బ్యాక్టీరియా స్పోర్లు (గట్టి పెంకుతో నిద్రపోయే రూపం) చావవు. ఆ పేషెంటు దగ్గరికి వెళ్లొస్తే సబ్బుతో, నీళ్లతో చేతులు కడుక్కోవాల్సిందే.