కరెంటు పెడితే ఏది తగ్గుతుంది, ఏది తగ్గదు: అపోహలు - వాస్తవాలు

ఎలక్ట్రోథెరపీ అనే మాట మా పుస్తకాల్లోనే ఉంటుంది. వచ్చేవాళ్ళు మాత్రం "మేడమ్, ఇవాళ కరెంటు పెడతారా?" అనే అడుగుతారు. పదిహేనేళ్ళుగా ఫిజియోథెరపిస్టుగా ఆ కరెంటు పెడుతున్నదాన్ని కాబట్టి, ఎవరు ఏ డబ్బా కొనుక్కున్నా ముందు నా టేబుల్ మీదికే వస్తుంది. మణికట్టుకు కట్టుకునేవి, పాదాలు నీళ్ళలో పెట్టుకునేవి, చేత్తో పట్టుకుంటే ఒంట్లో రోగాలన్నీ తెర మీద చూపించేవి. "ఇది పనిచేస్తుందా?" అని వాళ్ళు అడుగుతారు. ఈ కరెంటు ఒంట్లో ఎక్కడిదాకా వెళ్తుంది, వెళ్ళి ఏం చేస్తుంది అని నేను అడుగుతాను. ఆ రెండో ప్రశ్నకు జవాబు దొరికితే మొదటిదానికి జవాబు తేలికే.

అపోహ: కరెంటుతో వైద్యం అంటేనే బూటకం.

నరం, కండరం, గుండె నడిచేదే విద్యుత్తుతో. చచ్చిన కప్ప కాలు విద్యుత్తు తగిలితే ఎలా ఎగిరిపడుతుందో ఇటలీ శాస్త్రవేత్త గాల్వానీ 1791లోనే రాసిపెట్టాడు. 1958లో స్వీడన్‌లో ఆర్నె లార్సన్ అనే ఆయనకు ప్రపంచంలోనే మొదటిసారి ఒంటి లోపల పేస్‌మేకర్ అమర్చారు. అది కొన్ని గంటలకే ఆగిపోయింది. అయినా ఒకటి పోతే ఇంకొకటి, మొత్తం రెండు డజన్లకు పైగా మార్చుకుంటూ ఆయన 2001 వరకు, 86 ఏళ్ళు బతికాడు. పార్కిన్సన్స్ వణుకును అదుపు చేయడానికి మెదడు లోపల పెట్టే ఎలక్ట్రోడ్లు, చెవిటితనానికి కాక్లియర్ ఇంప్లాంట్లు, అతుక్కోని ఎముకకు 1979లో ఎఫ్‌డీఏ (అమెరికాలో మందులకూ, వైద్య పరికరాలకూ అనుమతులిచ్చే ప్రభుత్వ సంస్థ) అనుమతించిన విద్యుదయస్కాంత పరికరం, ఇవేవీ బూటకాలు కావు. కరెంటు ఏ కణాల మీద పనిచేయాలో, ఎంత మోతాదులో ఇవ్వాలో వీటి విషయంలో తెలుసు. లాభం ఎంతో కొలిచి చూశారు కూడా.

అపోహ: టెన్స్ మిషన్ నొప్పిని మూలం నుంచి తీసేస్తుంది.

టెన్స్ అంటే చర్మం మీద ప్యాడ్లు అంటించి నరాలకు చిన్నపాటి కరెంటు ఇచ్చే మిషన్. ఇక్కడ నా చేతిలో ఉన్న మిషన్ గురించే చెప్పాలి కాబట్టి కాస్త ఎక్కువ చెబుతాను. నొప్పికి కరెంటు పెట్టడం కొత్త సంగతేమీ కాదు. దాదాపు 2,000 ఏళ్ళ కిందట స్క్రిబోనియస్ లార్గస్ అనే రోమన్ వైద్యుడు తలనొప్పికీ, గౌట్ అనే కీళ్ళ నొప్పికీ షాక్ కొట్టే టార్పీడో చేపను వాడమన్నాడు. అది ఎందుకు పనిచేయవచ్చో చెప్పే సిద్ధాంతం 1965లో మెల్జాక్, వాల్ అనే పరిశోధకులు ఇచ్చారు. దెబ్బ తగిలిన చోట చేత్తో రుద్దుకుంటే కాస్త ఊరట వస్తుంది కదా, స్పర్శను మోసే నరాలు నొప్పి కబురును వెన్నుపాములోనే కొంత అడ్డుకుంటాయన్నమాట. టెన్స్ చేసేది కూడా ఆ రుద్దడమే, కాకపోతే సెకనుకు 80 నుంచి 100 సార్లు.

2022లో 381 పరీక్షలను కలిపి చూసిన సమీక్షలో తేలింది ఏమిటంటే, మిషన్ ఆన్‌లో ఉన్నంతసేపూ, తీసిన వెంటనే కొద్దిసేపూ నొప్పి తగ్గుతుంది. అంతే. అరిగిన మోకాలి గుజ్జు తిరిగి పెరగదు, జారిన డిస్క్ లోపలికి పోదు. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ నడుము నొప్పికి టెన్స్ ఇవ్వవద్దని 2016లోనే చెప్పింది. నేను ఇప్పటికీ వాడుతున్నాను, కానీ ఒక లెక్కతో: నొప్పి తగ్గిన ఆ కాసేపట్లో మనిషి చేత వ్యాయామం చేయించాలి. ప్యాడ్లు పెట్టి, ఇరవై నిమిషాల తర్వాత తీసేసి ఇంటికి పంపితే అది వైద్యం కాదు, విశ్రాంతి. (ఆ ఇరవై నిమిషాలు మాకూ విశ్రాంతే. ఈ ముక్క మా వాళ్ళకి నచ్చదు.)

అపోహ: నాకు తగ్గింది కదా, ఇంకేం రుజువు కావాలి?

ఒకసారి భుజం నొప్పితో వచ్చిన పెద్దాయనకు రెండు రోజులు కరెంటు పెట్టాను. రెండో రోజు "నిన్నటికంటే బాగా పట్టిందమ్మా" అన్నారు. మూడో రోజు వైరు మార్చబోతే లోపల తెగి ఉంది. రెండో రోజు ఆయన ఒంట్లోకి ఏమీ వెళ్ళలేదు. నిజానికి "జివ్వుమంటోందా?" అని అడగాల్సింది నేను, అడగలేదు. ఆయన అబద్ధం చెప్పలేదు, భుజం నిజంగానే కాస్త తేలికైంది.

ఈ పరీక్షనే కావాలని చేసినవాడు జాన్ హేగార్త్ అనే వైద్యుడు. 1796లో అమెరికాలో ఎలైషా పెర్కిన్స్ రెండు లోహపు పుల్లలకు పేటెంట్ పొందాడు. వాటితో ఒంటిమీద గీస్తే నొప్పిని లాగేస్తాయని ప్రచారం. 1799లో ఇంగ్లండ్‌లోని బాత్‌లో హేగార్త్ కట్టెపుల్లలకు అచ్చం లోహంలా రంగు వేసి ఐదుగురి మీద గీశాడు. నలుగురికి తగ్గింది. నమ్మకం పనిచేస్తుంది. పైగా నొప్పి బాగా ఎక్కువైన రోజునే మనం డబ్బా కొంటాం, ఆ తర్వాత అది దానంతటదే ఎంతోకొంత తగ్గుతుంది. ఆ ఖ్యాతి డబ్బాకి పోతుంది.

అపోహ: ప్రతి రోగానికీ ఒక ఫ్రీక్వెన్సీ ఉంటుంది, దానితో క్రిమి పగిలిపోతుంది.

పాట శ్రుతికి గాజుగ్లాసు పగిలినట్టు అని ఉదాహరణ చెబుతారు. గాజు గట్టిది, మీటితే ఖంగుమంటుంది. క్రిమి మెత్తటిది, తడిలో మునిగి ఉంటుంది, తడిబట్ట చుట్టిన గంటలాంటిది. ఈ కథ 1930ల నాటి రాయల్ రైఫ్ అనే అమెరికన్‌ది. బతికున్న వైరస్‌లను కాంతి మైక్రోస్కోపులో చూశానన్నాడు. మామూలు కాంతితో దాదాపు 200 నానోమీటర్లకంటే చిన్నవి విడివిడిగా కనిపించవు, చాలా వైరస్‌లు అంతకంటే చిన్నవి. ఆయనకు ముందే ఆల్బర్ట్ ఆబ్రమ్స్ అనే అమెరికన్ వైద్యుడు రక్తపు చుక్కలోని ప్రకంపనలతో రోగం చెప్పే పెట్టెలను అద్దెకిచ్చాడు, విప్పకూడదన్న షరతుతో. 1924లో సైంటిఫిక్ అమెరికన్ పత్రిక వేసిన కమిటీ దాదాపు ఏడాది పరిశీలించి అందులో ఏ విలువా లేదని తేల్చింది.

"క్యాన్సర్‌కు నిజంగానే కరెంటు మిషన్ ఉందట కదా?" అంటారు. ఉంది. గ్లియోబ్లాస్టోమా అనే మెదడు కణితికి 200 కిలోహెర్ట్జ్ విద్యుత్ క్షేత్రం ఇచ్చే పరికరాన్ని 2011లో ఎఫ్‌డీఏ అనుమతించింది. గుండు చేయించుకుని, రోజులో ఎక్కువ గంటలు తలకు అతికించుకునే ఉండాలి. మందుతో పాటు దీన్నీ వాడినవాళ్ళ మధ్యస్థ ఆయుష్షు 20.9 నెలలు, మందు ఒక్కటే వాడినవాళ్ళది 16 నెలలు. అంత కష్టపడితే ఐదు నెలలు. చేతిలో పట్టుకుంటే క్యాన్సర్ పోతుందనే డబ్బాను ఈ అంకెల పక్కన పెట్టి చూడండి.

అపోహ: మిషన్ పట్టుకుంటే ఒంట్లో లోపాలన్నీ చెబుతుంది.

అది కొలిచేది చర్మం కరెంటును ఎంత అడ్డుకుంటోందన్నది. చెమట పట్టినా, చర్మానికి ఆనించే మొనను కాస్త గట్టిగా ఒత్తినా అంకె మారుతుంది. 2001లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన పరీక్షలో ఇలాంటి పరికరంతో 30 మందిని 1,500 సార్లకు పైగా చూశారు. ఎవరికి అలర్జీ ఉందో, ఎవరికి లేదో అది విడదీయలేకపోయింది.

అపోహ: పాదాలు పెట్టిన నీళ్ళు నల్లబడితే విషం బయటికొచ్చినట్టే.

పాదాలు పెట్టకుండా ఆన్ చేయండి, అప్పుడూ రంగు మారుతుంది. ఉప్పునీళ్ళలో ఎలక్ట్రోడ్ తుప్పు పడుతోంది.

అపోహ: బెల్టు కట్టుకుంటే పొట్ట కరుగుతుంది.

కండరం బిగుస్తుంది, కొవ్వు పోదు. మోకాలి ఆపరేషన్ తర్వాత నీరసించిన తొడ కండరాన్ని మేల్కొలపడానికి మాత్రం ఇదే రకం కరెంటు నిజంగా పనికొస్తుంది.

అపోహ: ఎఫ్‌డీఏ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ ఉంది కాబట్టి నమ్మొచ్చు.

ఎఫ్‌డీఏ అలాంటి సర్టిఫికెట్లు ఇవ్వనే ఇవ్వదు. కంపెనీ పేరు జాబితాలో నమోదు కావడం వేరు, పరికరం పనిచేస్తుందని ఒప్పుకోవడం వేరు. గద్ద బొమ్మ, బంగారు అంచు ఉన్న కాగితం చూపిస్తే నాకు అనుమానం ఇంకాస్త పెరుగుతుంది.

అపోహ: పనిచేయకపోతే పోయె, నష్టమైతే లేదు కదా.

పేస్‌మేకర్ ఉన్నవాళ్ళు గుండె డాక్టరును అడగకుండా ఏ కరెంటు మిషనూ ఒంటికి తగిలించుకోకూడదు. మెడ ముందుభాగాన, గర్భిణి పొట్ట మీద, కణితి మీద, రక్తం గడ్డకట్టిన కాలి మీద ప్యాడ్లు పెట్టకూడదు. స్పర్శ లేనిచోట పెడితే చర్మం కాలుతున్నా తెలియదు. అందుకే కొత్తగా వచ్చినవాళ్ళకు ప్యాడ్ పెట్టేముందు రెండు గాజు గొట్టాల్లో వేడినీళ్ళు, చన్నీళ్ళు పోసి, కళ్ళు మూయించి ఏది ఏదో చెప్పమంటాను. అరికాళ్ళ మంటలకని పెట్టె కొనుక్కుని నెలల తరబడి వాడినావిడ ఒకరు, రెండు గొట్టాలూ ఒకేలా ఉన్నాయన్నారు. ఆవిడకు నేను కరెంటు పెట్టలేదు. షుగర్ పరీక్ష చేయించుకుని రమ్మన్నాను.