దుబాయ్ పోను రెండున్నర, రాను ఐదు గంటలా? విమాన ప్రయాణంపై అపోహలు - వాస్తవాలు

మహబూబ్‌నగర్‌లో విమాన టికెట్లు బుక్ చేసే షాపు నాది. టికెట్ చేతికివ్వగానే చాలామంది అడిగే మొదటి మాట, "ఎన్ని గంటలు పడ్తది సార్?" ఈ ఒక్క ప్రశ్న చుట్టూ ఎన్ని అపోహలున్నాయో!

అపోహ: దుబాయ్ పోవడానికి రెండున్నర గంటలు, రావడానికి ఐదు గంటలు.

వాస్తవం: టికెట్ చూస్తే అలాగే అనిపిస్తుంది మరి. శంషాబాద్‌లో 10:00కు ఎక్కితే దుబాయ్‌లో 12:20కి దిగినట్టు ఉంటుంది. కానీ ఎక్కే టైం మన గడియారంది, దిగే టైం అక్కడి గడియారంది. దుబాయ్ మనకంటే గంటన్నర వెనక. అది కలిపితే దాదాపు 3 గంటల 50 నిమిషాలు. వచ్చేటప్పుడు అదే గంటన్నర తీసేయాలి, అప్పుడు ఐదు గంటలు కాస్తా మూడున్నర అవుతుంది. అంటే తిరుగు ప్రయాణమే చిన్నది! దూరం ఎటు నుంచైనా సుమారు 2,550 కిలోమీటర్లే, తేడా గాలి వల్ల. పది పన్నెండు కిలోమీటర్ల ఎత్తున పడమటి నుంచి తూర్పుకు జోరుగా గాలి వీస్తుంది. దాన్నే జెట్ స్ట్రీమ్ అంటారు. చలికాలంలో దీని బలం ఎక్కువ. వానాకాలంలో మన మీద పైగాలి తూర్పు నుంచి వీస్తుంది కాబట్టి ఈ తేడా తగ్గుతుంది.

అపోహ: భూమి తూర్పుకు తిరుగుతుంది కదా, పడమటి ఊళ్లు వాటంతటవే ఎదురొస్తాయి.

చదువుకున్నవాళ్లే ఎక్కువగా అడుగుతారిది. భూమితో పాటు గాలీ తిరుగుతుంది, అందులో ఎగిరే విమానమూ అంతే. జడ్చర్ల బస్సులో కూర్చుని రూపాయి బిళ్ల పైకి ఎగరేయండి, మీ చేతిలోనే పడుతుంది, వెనక సీటాయన ఒళ్లో కాదు.

అపోహ: దూరం తక్కువైతే టైం కూడా తక్కువే.

ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు ఎయిర్ ఇండియా మొదట అట్లాంటిక్ మీదుగా సుమారు 13,900 కిలోమీటర్లు నడిపేది. 2016 అక్టోబరులో పసిఫిక్ మీదుగా దాదాపు 15,300 కిలోమీటర్లు తిప్పింది. దారి 1,400 కిలోమీటర్లు పెరిగినా, గాలి వెనక నుంచి తోయడంతో పద్నాలుగున్నర గంటల్లోనే చేరింది. పాత దారిలో దానికంటే రెండు గంటలు ఎక్కువ పట్టేది.

అపోహ: డైరెక్ట్ అంటే ఎక్కడా ఆగదు.

ఆగొచ్చు. విమానం నంబరు మారకుండా మధ్యలో ఒక ఊళ్లో దిగినా డైరెక్టే అంటారు. ఎక్కడా ఆగకూడదంటే నాన్‌స్టాప్ అని అడగండి.

అపోహ: 15వ తేదీ 00:40 అంటే 15 రాత్రి.

కాదు, 14 రాత్రి పన్నెండు దాటాక నలభై నిమిషాలకు. ఈ పొరపాటు ఖరీదు నాకు బాగా తెలుసు. మా దగ్గర టికెట్ తీసుకున్న ఒకాయన 15 రాత్రి పెట్టెలు సర్దుకుని ఎయిర్‌పోర్టుకు పోయాడు. విమానం అంతకుముందు రాత్రే ఎగిరిపోయింది. తప్పు నాది కూడా, టికెట్ ఇచ్చేటప్పుడు నోటితో ఒక్క మాట చెప్పలేదు. విదేశీ ప్రయాణానికి మూడు గంటల ముందు అక్కడుండాలి. మన ఊరి నుంచి శంషాబాద్ 80 కిలోమీటర్ల పైచిలుకు, కారులోనైనా రెండు గంటలు చేతిలో పెట్టుకోవాలి. అందుకే ఇప్పుడు అలాంటి టికెట్ల మీద ఎర్ర పెన్నుతో రాసిస్తున్నా: "14 సాయంత్రం ఏడున్నరకు ఇల్లు కదలాలి."