ఎరి దిగేసరికి కమ్మరి ఎక్కడున్నాడు?

చిరంజీవులకు తాతయ్య ఆశీర్వదించి వ్రాయునది.

మీ ప్రశ్న అందింది. మీతో చదివే నైజీరియా అమ్మాయి, ఇగ్బో జాతి పిల్ల, తమవాళ్లు ఇజ్రాయెల్ నుంచి తప్పిపోయిన గోత్రమని చెప్పిందనీ, అదే దేశపు యోరుబా జాతి కుర్రాడు అది విని నవ్వి, ఆ దేశంలో నాగరికత అంటూ మొదలైంది తమ దగ్గరేనన్నాడనీ, మాటామాటా పెరిగిందనీ రాశారు. "ఎవరిది నిజం తాతయ్యా, నువ్వు అక్కడ పనిచేశావుగా" అని అడిగారు. ఎనుగులో లెక్కలు చెప్పిన మాట నిజమే. అప్పట్లో మనవైపు నుంచి చాలామంది టీచర్లు నైజీరియా వెళ్లేవారు. అంతమాత్రాన ఎవరి పుట్టుక ఏమిటో తీర్పు చెప్పే అధికారం నాకు రాదు గానీ, అక్కడ విన్నదీ తర్వాత చదివిందీ కలిపి చెబుతాను. కాస్త పొడుగు ఉత్తరమే. తీరిగ్గా చదవండి.

ముందు కథ చెప్పుకుందాం. ఇగ్బోలు ఎక్కువగా ఉండేది నైజీరియా ఆగ్నేయంలో. అనంబ్రా, ఎనుగు, ఇమో, అబియా, ఎబోన్యి రాష్ట్రాలు వాళ్లవి. అనంబ్రా నది ఒడ్డున అగులేరి అనే ఊరుంది. పై దేవుడు చుక్వు ఎరి అనే మొట్టమొదటి మనిషిని ఆకాశం నుంచి అక్కడికే దించాడట. దిగి చూస్తే నేలంతా బురద, కాలు పెట్టే చోటు లేదు. ఎరి మొరపెట్టుకుంటే చుక్వు ఔకా ఊరి కమ్మరిని పంపాడు. ఆ కమ్మరి కొలిమి తిత్తులూ బొగ్గులూ తెచ్చుకుని, నిప్పు రాజేసి, ఊది ఊది ఆ నేలను ఆరబెట్టాడు. ఎరి బతికున్నంత కాలం అతని మనుషులకు తిండి ఆకాశం నుంచే వచ్చేది. అతను పోయాక అది ఆగిపోయింది.

కొడుకు న్రి ఆకలికి తాళలేక దేవుణ్ణి అడిగాడు. "నీ పెద్దకొడుకునూ పెద్దకూతురినీ బలిచ్చి పాతిపెట్టు" అన్నాడు చుక్వు. న్రి అలాగే చేశాడు. ఇగ్బోల వారానికి నాలుగే రోజులు. అలాంటి వారాలు మూడు గడిచేసరికి కొడుకు సమాధి మీద పెండలం తీగ, కూతురి సమాధి మీద చేమ మొక్క మొలిచాయి. తర్వాత ఒక బానిసనూ ఒక బానిసరాలినీ బలిచ్చిన చోట పామాయిల్ చెట్టు, పనస జాతి చెట్టు ఒకటి లేచాయి. చుట్టుపక్కల జనం వచ్చి ఆ దుంపలు తమకూ కావాలన్నారు. న్రి పంచిపెట్టాడు. బదులుగా, ఊళ్లలో భూమాత అలాకు విరుద్ధంగా ఏదైనా అపచారం జరిగితే దాన్ని కడిగి శుద్ధి చేసే హక్కు తన వంశానికి ఉండాలన్నాడు.

కన్నబిడ్డల్ని పాతి తిండి తెచ్చుకున్న కథ ఇది. వినగానే ఒళ్లు జలదరిస్తుంది. బానిసల బలి గురించి చెప్పేటప్పుడు దీన్ని చెప్పేవాళ్లు గొంతు మార్చరు, అది నాకు ఇంకా ఇబ్బంది. అయినా కథలో ఒక సంగతి మీరు పట్టుకోవాలి. ఎరి మొట్టమొదటి మనిషి అంటున్నారు కదా, మరి ఔకా కమ్మరి ఎక్కడి నుంచి వచ్చాడు? ఔకా అప్పటికే ఉంది, కొలిమి ఉంది, కొలిమి పని తెలిసినవాడూ ఉన్నాడు. తెలియకుండానే కథ తన గుట్టు తానే విప్పుతోంది. దిగివచ్చినవాళ్ల కంటే ముందునుంచీ అక్కడ జనం ఉన్నారు, వాళ్ల చేతిపని లేనిదే దిగినవాడికి కాలు మోపే చోటే లేదు. న్రి వంశపు రాజుకు పట్టం కట్టే తంతులో కూడా అదామా అనే పాత వంశంవాళ్ల చెయ్యి పడాలి. ముందున్నవాళ్లకు తర్వాత వచ్చినవాళ్లు ఇచ్చుకున్న మర్యాద అది.

ఈ న్రి రాజుల దగ్గర సైన్యం ఉండేది కాదు. వాళ్ల మనుషులు ముఖాన గాట్లతో, చేత కర్రతో ఊరూరా తిరిగి శుద్ధి కర్మలు చేసేవారు, తగవులు తీర్చేవారు. వాళ్ల మీద చెయ్యి వేయడానికి జనం భయపడేవారు. 1911లో బ్రిటిష్‌వాళ్లు అప్పటి రాజు చేత ఆ అధికారాన్ని వదులుకుంటున్నానని చెప్పించారు.

ఇంతకీ ఇగ్బోలందరూ ఎరి సంతానమేనా? వాళ్లలోనే చాలామంది ఒప్పుకోరు. ఓవెరి వైపు వెళితే "మేం ఎక్కడి నుంచీ రాలేదు, ఈ నేలలోనే పుట్టాం" అంటారు. ఒనిచ్చా పెద్దలు తమ పూర్వీకుడు ఎజె చిమా పడమటి నుంచి, బెనిన్ రాజ్యం వైపు నుంచి వచ్చాడంటారు. అరోచుక్వు అయితే ఇగ్బోలూ ఇబిబియోలూ అక్పా అనే క్రాస్ నది జనమూ కలిసి ఏర్పడ్డ ఊరు. పాతకాలంలో ఎవరినైనా "మీరెవరు" అంటే ఊరి పేరు చెప్పేవారు. మనమంతా ఒక జాతి అన్న భావన గట్టిపడింది తెల్లవాళ్ల పాలనలోనే. బడులు, బైబిలు అనువాదం, పరాయి పట్నాల్లో పెట్టుకున్న ఊరి సంఘాలు కలిసి దాన్ని పెంచాయి. అలాగని అది బూటకమని మాత్రం అనుకోకండి. ఏ జాతి అయినా ఏదో ఒక కాలంలో కూడుకున్నదే. మన ఆంధ్రుల మొదటి ప్రస్తావన ఐతరేయ బ్రాహ్మణంలో ఎలా ఉందో తెలుసా? విశ్వామిత్రుడి శాపం తగిలి సరిహద్దుల అవతలికి పోయిన కొడుకుల సంతతి అని. దాన్ని పట్టుకుని గొప్పలు పోదామన్నా కుదరదు.

ఇజ్రాయెల్ సంగతికి వస్తాను. బైబిలు ఆదికాండం 46వ అధ్యాయంలో, ఇజ్రాయెల్ గోత్రాల మూలపురుషుల్లో ఒకడైన గాదు అనే అతని కొడుకుల పేర్ల వరసలో ఏరీ అని ఒక పేరుంది. దాన్ని అగులేరి ఎరికి అతికించి, అక్కడ గాదు పేరుతో ఒక చోటును కూడా చూపిస్తారు. క్రైస్తవ మిషన్ ఒనిచ్చాకు వచ్చింది 1857లో. పోలిక మాట మాత్రం అంతకంటే పాతది. చిన్నతనంలో బానిసగా అమ్ముడుపోయి, తన సంపాదనతో తనను తానే విడిపించుకున్న ఒలౌడా ఎక్వియానో 1789లో లండన్‌లో ఆత్మకథ వేశాడు. తన ఇగ్బో జనం ఆచారాలు పాత యూదుల ఆచారాల్లా ఉన్నాయని అందులో రాశాడు. అతని పాఠకులు బైబిలు చదివే ఇంగ్లీషువాళ్లు. మమ్మల్ని పశువుల్లా కొనకండి, మీ పవిత్ర గ్రంథంలోని జనంలాంటి వాళ్లమే మేమూ అని వాళ్లకు అర్థమయ్యే మాటల్లో చెప్పుకున్నాడు. ఆ మాటలో నాకు తప్పు కనపడదు. బానిస వ్యాపారం మీద పోరాడే మనిషి చేతికి దొరికిన ఆయుధం అది.

ఎనిమిదో రోజు సున్తీ, నెలసరి సమయంలో విడిగా ఉండటం, ఇంకా ఇలాంటివే సాక్ష్యాలుగా చెబుతారు. ఇవి ఇగ్బోలకే ప్రత్యేకం కావు. ఆఫ్రికాలో ఎన్నో జనాల్లో సున్తీ ఉంది, నెలసరి విడి మన ఇళ్లలోనూ ఉండేది. భాష సంగతి చూస్తే ఇంకా తమాషా. ఇగ్బో భాష నైజర్-కాంగో కుటుంబంలోది. దానికి దగ్గరి చుట్టాలు యోరుబా, ఎడో, ఇగాలా. హీబ్రూకు దూరపు చుట్టమైన పెద్ద భాష నైజీరియాలో ఉన్నమాట నిజమే, అది ఉత్తరాది ముస్లింలు మాట్లాడే హౌసా. హీబ్రూ, అరబ్బీ, హౌసా మూడూ ఆఫ్రో-ఏషియాటిక్ కుటుంబమే. అంటే మీ స్నేహితురాలి భాష, తాను పోట్లాడిన కుర్రాడి భాషకే దగ్గర. రక్తం సంగతీ అంతే. తండ్రి వైపు జన్యు గుర్తులు చూస్తే ఇగ్బోల్లోనూ యోరుబాల్లోనూ ఎక్కువమంది ఒకే పశ్చిమాఫ్రికా శాఖకు చెందుతారు.

ఇంతకీ తూర్పు నుంచి వచ్చామనడం ఇగ్బోల ఒక్కరి అలవాటు కాదు. హౌసాలది బయజిద్దా కథ. అతను బాగ్దాదు రాజకుమారుడు. దౌరా ఊరి బావిలో పామును చంపి రాణిని పెళ్లాడాడు. అతని సంతతి ఏడు హౌసా రాజ్యాలయ్యాయి. అసలైన ఆ ఏడుకు పక్కన "దొడ్డిదారి ఏడు" అని ఇంకో పట్టిక ఉంది. యోరుబాలను అందులో పడేశారు! యోరుబాల కథలో ఒడుడువా గొలుసు పట్టుకుని ఆకాశం నుంచి ఇలె-ఇఫెలో దిగి, నీటి మీద మట్టి పోసి, కోడి చేత గీరించి నేల పరిచాడు. చక్కటి కథ. దాన్ని పక్కన పెట్టి, ఒడుడువా మక్కా నుంచి వచ్చాడనే ఇంకో కథ కూడా కట్టారు. ముగ్గురికీ సొంత నేల మీద పుట్టామనుకోవడం చాలలేదు.

ఎందుకు చాలలేదో చెబుతాను, ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం ఇదే. తెల్లదొరల కాలంలో పండితులు ఒక సిద్ధాంతం ప్రచారం చేశారు. ఆఫ్రికాలో ఎక్కడ మంచి రాజ్యం, మంచి శిల్పం కనపడినా అది నల్లవాళ్ల పని అయ్యుండదు, ఉత్తరం నుంచి వచ్చిన హామిటిక్ జాతి పని అన్నారు. 1930లో సెలిగ్మన్ అనే ఆయన ఆఫ్రికా నాగరికతలన్నీ హామిటిక్‌వాళ్లవేనని పుస్తకంలోనే రాసేశాడు. మేం ఇజ్రాయెల్ నుంచి వచ్చాం, ఈజిప్టు నుంచి వచ్చాం అని ఛాతీ విరుచుకున్నప్పుడు, తమకు తెలియకుండా ఆ అవమానానికే తలూపుతున్నట్టు. గొప్పవాళ్లం గనక బయటివాళ్లమే అయ్యుండాలి అని ఒప్పుకున్నట్టు.

దీనికి నేలలోంచే జవాబు వచ్చింది. ఆ రాజులుండే న్రి ఊరికి దగ్గర్లోనే ఇగ్బో-ఉక్వు అనే ఊరుంది. 1938 ప్రాంతంలో అక్కడ ఒకాయన పెరట్లో నీళ్ల తొట్టి కోసం తవ్వుతుంటే కంచు వస్తువులు బయటపడ్డాయి. 1959-60లో థర్స్టన్ షా అనే పురావస్తు శాస్త్రవేత్త పద్ధతిగా తవ్వితే ఆశ్చర్యపోయే సరుకు దొరికింది. నత్తగుల్ల ఆకారంలో కంచు పాత్రలు, వాటి మీద నిజమైనవా అనిపించే ఈగలూ మిడతలూ, చుట్టూ తాడు వల అల్లినట్టు పోతపోసిన కుండ, లక్షన్నరకు పైగా పూసలు. కాలం సుమారు తొమ్మిదో శతాబ్దం. ఇంత నైపుణ్యం అక్కడెలా అని కొందరు కాలాన్నే అనుమానించారు. తర్వాత పరీక్షల్లో లోహం కూడా ఆగ్నేయ నైజీరియా గనులదేనని తేలింది. ఆ కుండ ఫోటో ఎక్కడైనా దొరికితే చూడండి. అందులో ఒక్కో ముడి లెక్కపెట్టొచ్చు. ఇది చేతిలో ఉండగా గాదు కొడుకు అవసరమేమిటో నాకు బోధపడదు.

ఇక "మేం ఎక్కువ" అనే మాట. 1949లో అబా పట్నంలో ఇగ్బో సంఘాల సభలో న్నమ్ది అజికివే మాట్లాడుతూ, ఆఫ్రికా బిడ్డల్ని చెర నుంచి విడిపించడానికే ఆఫ్రికా దేవుడు ఇగ్బో జాతిని సృష్టించాడేమో అన్న అర్థం వచ్చేలా అన్నాడు. ఆయనేమీ సంకుచితుడు కాదు. పుట్టింది ఉత్తరాన జుంగేరులో, హౌసా, యోరుబా రెండూ మాట్లాడేవాడు, దేశానికి మొదటి అధ్యక్షుడయ్యాడు. అయినా ఆ ఒక్క మాటను అవతలివాళ్లు మరచిపోలేదు. మా నెత్తినెక్కాలని చూస్తున్నారు అనడానికి ఏళ్ల తరబడి దాన్నే ఎత్తి చూపారు. 1966 జనవరిలో సైనిక తిరుగుబాటు జరిగింది. దాన్ని నడిపిన మేజర్లలో ఎక్కువమంది ఇగ్బోలు. చనిపోయిన నాయకుల్లో ఎక్కువమంది ఉత్తరాదివాళ్లు. ఆ ఏడాదే ఉత్తరాదిలో వేలాదిమంది ఇగ్బోలను ఊచకోత కోశారు, పది లక్షలకు పైగా జనం తూర్పుకు పారిపోయారు. 1967 మే 30న తూర్పు ప్రాంత సైనిక గవర్నర్ ఒజుక్వు ఆ ప్రాంతాన్ని బియాఫ్రా అనే వేరే దేశంగా ప్రకటించాడు. 1970 జనవరి వరకు సాగిన యుద్ధంలో, దిగ్బంధం వల్ల వచ్చిన ఆకలిలో, పది లక్షల నుంచి ముప్పై లక్షల దాకా చనిపోయారని అంచనాలు. చుట్టూ శత్రువులు, తరిమివేతలు, చావులు. ఇజ్రాయెల్‌తో పోల్చుకోవడం ఆ తర్వాత అంత బలపడిందంటే ఆశ్చర్యమేముంది? అందుకే మీ స్నేహితురాలి ముందు ఆ మాటను నవ్వులాటగా తీసేయకండి. కథ నిజం కాకపోవచ్చు. దాని వెనక ఉన్న దెబ్బ నిజం.

యుద్ధం అయ్యాక బ్యాంకులో ఎంత డబ్బున్నా ఇగ్బోలకు 20 పౌండ్లే తిరిగిచ్చారు. అక్కణ్ణుంచి ఒకటి రెండు తరాల్లో వ్యాపారంలో మళ్లీ నిలదొక్కుకున్నారు. దీన్ని రక్తం గొప్పతనం అనేవాళ్లున్నారు. నేను చూసింది వేరు. ఒక షావుకారు దగ్గర కుర్రాడు ఏళ్ల తరబడి పని నేర్చుకుంటాడు, గడువు తీరాక ఆ షావుకారే పెట్టుబడి ఇచ్చి వేరే కొట్టు పెట్టిస్తాడు. ఆ ఏర్పాటే వాళ్లను లేపింది. ఏ జాతివాళ్లు పెట్టుకున్నా పనిచేసే ఏర్పాటు అది.

లెక్కల మాస్టారిని గనక ఒక లెక్క ఇవ్వకుండా వదలను. మీకు తల్లిదండ్రులు ఇద్దరు, తాతలూ అమ్మమ్మా నానమ్మా నలుగురు, వాళ్ల పైన ఎనిమిదిమంది. ఇలా రెట్టిస్తూ 30 తరాలు వెనక్కి వెళ్లండి. 107 కోట్ల మంది పూర్వీకులు తేలతారు. అది సుమారు ఎనిమిది వందల ఏళ్ల కిందటి మాట, అప్పటి ప్రపంచ జనాభా 40 కోట్లకు అటూ ఇటూ. మరి మిగతావాళ్లు ఎక్కణ్ణుంచి వచ్చారు? ఒకే మనిషి మీకు వంద దారుల్లో ముత్తాత అవుతాడన్నమాట. పక్కవాడికీ అంతే. ఎరి నిజంగా ఉండి, అతని వంశం నిలిచుంటే, ఈపాటికి ఆ యోరుబా కుర్రాడు కూడా అతని మనవడే అయ్యుంటాడు.

చివరగా అక్కడ నన్ను అన్నిటికంటే ఎక్కువ కలవరపెట్టినది చెబుతాను. ఇగ్బోలలో ఓసు అని ఒక వర్గం ఉంది. ఎప్పుడో ఒక దేవతకు అంకితమైన మనుషుల సంతతి వాళ్లు. వాళ్లకు మిగతావాళ్లు పిల్లనిచ్చేవారు కాదు, వాళ్లతో కలిసి కూర్చునేవారు కాదు. 1956లో తూర్పు ప్రాంత శాసనసభ దీన్ని రద్దు చేస్తూ చట్టం చేసింది. మేమంతా ఒకే తండ్రి బిడ్డలం, దేవుడు ఎంచుకున్న జనం అని చెప్పే నోళ్లే, పెళ్లి మాటల దగ్గరకు వచ్చేసరికి అవతలివాళ్ల ఊరేది, వాడేది అని నెమ్మదిగా ఆరా తీస్తాయి. ఆ ఆరా ఎలా ఉంటుందో మన ఇంట్లో పెరిగిన మీకు నేను విడమరచి చెప్పనక్కర్లేదు.

ఇట్లు,
మీ తాతయ్య