ధ్యానంలో తల ఎందుకు వాలుతుంది

నిద్ర జబ్బులు చూసే ల్యాబుల్లో ఒక పరీక్ష చేస్తారు. గదిలో దాదాపు చీకటి. 7.5 వాట్ల చిన్న బల్బు ఒకటి మనిషి తలకు కాస్త వెనకగా, కంట్లో పడకుండా వెలుగుతూ ఉంటుంది. మనిషిని మంచం మీద దిండ్లకు ఆనుకుని కూర్చోబెడతారు. నెత్తి మీదా, కళ్ళ పక్కనా, గడ్డం కిందా ఎలక్ట్రోడులు అంటిస్తారు. ఆ తర్వాత చెప్పేది ఒక్కటే: కదలకుండా కూర్చోండి, ఎదురుగా చూడండి, వీలైనంతసేపు మెలకువగా ఉండండి. పాట పాడుకోకూడదు, చెంపలు వాయించుకోకూడదు. ఒక్కో విడత 40 నిమిషాలు, రెండేసి గంటల ఎడంతో రోజుకు నాలుగు విడతలు. విమానం నడిపేవాళ్ళూ పెద్ద లారీలు తోలేవాళ్ళూ డ్యూటీలో మెలకువగా ఉండగలరా అని చూడటానికి ఈ పరీక్ష వాడతారు. దీన్ని మనం మెలకువ పరీక్ష అందాం.

ఇప్పుడు ఆ మంచం తీసేసి చాప పరవండి. వైర్లు పీకేయండి. కళ్ళు మూసుకోమనండి. ధ్యానానికి కావలసిన ఏర్పాట్లన్నీ అయిపోయాయి! పైగా ల్యాబులో కళ్ళు తెరిచి ఉంచనిస్తారు, ఇక్కడ ఆ వెసులుబాటు కూడా లేదు.

"కూర్చున్న పది నిమిషాలకే నిద్ర ముంచుకొస్తోంది, నాకు ఏకాగ్రత లేకనా?" అన్న ప్రశ్నకు జవాబు ఈ పరీక్షలోనే ఉంది. అందులో ఈఈజీని, అంటే నెత్తి మీది ఎలక్ట్రోడులు నమోదు చేసే మెదడు విద్యుత్ తరంగాల గీతను, 30 సెకండ్ల ముక్కలుగా చదువుతారు. ఒక ముక్కలో 15 సెకండ్లకు మించి నిద్ర కనబడితే ఆ నిమిషం దగ్గర గీత గీసి, ఇంతసేపు నిలిచాడు అని రాస్తారు. నాలుగు విడతల సగటు 8 నిమిషాల లోపు వస్తే తేడా ఉన్నట్టు. అన్నిసార్లూ 40 నిమిషాలు నిలిస్తే చురుగ్గా ఉన్నట్టు. నడుమ వచ్చినవాళ్ళ గురించి డాక్టర్లు కూడా గట్టిగా ఏమీ చెప్పరు. సంకల్పబలం ఎంత, భక్తి ఎంత అని అక్కడ ఎవరూ అడగరు. అక్కడ కొలిచేది ఒంట్లో పేరుకున్న నిద్ర బాకీని, దానికి ఎదురుగా మెదడు నిలబెట్టగలిగిన మెలకువను.

అనుభవం ఉన్నవాళ్ళకు ఇలా జరగదని అనుకోనక్కర్లేదు. పగానో అనే పరిశోధకుడూ ఆయన సహచరులూ 1976లో సైన్స్ పత్రికలో ఒక పత్రం ప్రచురించారు. భావాతీత ధ్యానంలో బాగా ఆరితేరిన ఐదుగురికి ఈఈజీ పెట్టి చూస్తే, ధ్యానం చేస్తున్నామనుకున్న సమయంలో చెప్పుకోదగ్గ భాగం రెండు, మూడు, నాలుగో దశల నిద్రలో గడిచింది (అప్పటి లెక్కలో మొదటి దశ కునుకు, నాలుగోది అతి గాఢ నిద్ర). అంటే కునుకు కూడా కాదు, అసలు నిద్రే.

ఇక లోపల ఏం జరుగుతుందో చూద్దాం. గోడకున్న మామూలు లైటు స్విచ్చును తీసుకోండి. దాన్ని సగంలో ఆపడానికి ప్రయత్నించండి, ఆగదు. లోపలి స్ప్రింగు దాన్ని అటో ఇటో టక్కున పడేస్తుంది. మెదడులో నిద్ర, మెలకువల ఏర్పాటు అచ్చం ఇలాంటిదేనని హార్వర్డ్‌లో క్లిఫర్డ్ సేపర్ బృందం 2001 నుంచి చెబుతూ వచ్చింది. ఒక పక్క మెలకువ జట్టు: మెదడు కాండంలో నార్ అడ్రినలిన్ వదిలే లోకస్ సెరూలియస్, సెరటోనిన్ వదిలే రాఫే కణాలు, మెదడు అడుగున ఉండే హైపోథలామస్ వెనక భాగంలో హిస్టమిన్ వదిలే కణాలు. రెండో పక్క హైపోథలామస్ ముందు భాగంలో వీఎల్‌పీవో అనే చిన్న కణాల గుంపు. అది గాబా, గాలనిన్ అనే రసాయనాలతో మెలకువ జట్టు నోరు నొక్కుతుంది. మెలకువ జట్టు కూడా ఊరుకోదు, వీఎల్‌పీవోను నొక్కిపెడుతుంది. ఒకరు కాస్త బలహీనపడగానే రెండోవారి మీద ఒత్తిడి తగ్గుతుంది, రెండోవారు లేచి మొదటివారిని ఇంకా నొక్కుతారు. ఇదే స్ప్రింగు.

స్విచ్చు మీద వేలు పెట్టి మెల్లగా ఒత్తండి. చాలాసేపు ఏమీ జరగదు, లైటు తగ్గను కూడా తగ్గదు. ఒక హద్దు దాటగానే మొత్తం ఆరిపోతుంది. ధ్యానంలో "ఇప్పటిదాకా బాగానే ఉన్నాను, ఎప్పుడు పోయిందో తెలియలేదు" అనిపించేది అందుకే. ఇక్కడ ఒత్తే వేలు పేరు అడినోసిన్. మెదడు కణాలు శక్తిని ఖర్చు చేస్తున్నకొద్దీ అది పోగవుతుంది, నిద్రలో తగ్గుతుంది. రెండో సంగతి, ఒకసారి పడిన స్విచ్చును తిరిగి లేపడానికి మళ్ళీ హద్దు దాటేంత ఒత్తాలి. తల వాలకముందు కళ్ళు తెరిచి వెన్ను సవరించుకుంటే సరిపోయేది, వాలాక మెడ ఝాడించి లేస్తే గాని కుదరదు. మూడోది, స్ప్రింగు వదులైన స్విచ్చు. మెలకువ వైపు స్విచ్చును గట్టిగా ఆనించి ఉంచే పని ఒరెక్సిన్ అనే రసాయనానిది. 1998లో రెండు బృందాలు దీన్ని విడివిడిగా కనుగొన్నాయి. ఆ కణాలు నశించినవాళ్ళకు నార్కోలెప్సీ వస్తుంది, మాట్లాడుతూ మాట్లాడుతూ నిద్రలోకి జారిపోతారు. మనలాంటి వాళ్ళకు స్ప్రింగు బాగానే ఉన్నా, నిద్ర చాలనప్పుడు వేలి ఒత్తిడి హద్దు దగ్గరే ఆగి ఉంటుంది. అప్పుడు స్విచ్చు టకటకలాడుతుంది: రెండు మూడు సెకండ్లు నిద్ర, మళ్ళీ మెలకువ, మళ్ళీ నిద్ర. జోగడం అంటే ఇదే.

మరి ఆఫీసులో కూర్చున్నప్పుడు అదే అడినోసిన్ ఎందుకు పడగొట్టదు? మెలకువ జట్టుకు బయటినుంచి చాలా సాయం అందుతుంటుంది. వెలుతురు కబురు కంటిలో దాన్ని పసిగట్టే మెలనాప్సిన్ కణాల ద్వారా వెళ్తుంది. చప్పుళ్ళు వెళ్తాయి. నిటారుగా నిలబెట్టే కండరాలు, చెవిలోని తూకపు అవయవం కబుర్లు పంపుతుంటాయి. కొత్తదనం, తొందర, కోపం, ఫోను. ధ్యానం వీటిని ఒక్కొక్కటే తీసేస్తుంది. కళ్ళు మూస్తే వెలుతురు పోతుంది. కదలకపోతే కండరాల కబురు తగ్గుతుంది. ఒకే మంత్రం, ఒకే శ్వాస అయితే కొత్తదనం పోతుంది. బ్రిటిష్ రాడార్ సిబ్బంది కోసం నార్మన్ మాక్‌వర్త్ 1948లో ప్రచురించిన గడియారపు ముల్లు ప్రయోగంలో కూడా, మార్పు లేనిదాన్ని చూస్తూ కూర్చున్నవాళ్ళ అప్రమత్తత మొదటి అరగంటలోనే పడిపోయింది.

శ్వాస సంగతి కాస్త విడిగా చెప్పాలి. మెదడు కాండంలో ఊపిరి లయను పుట్టించే ప్రీబాట్జింగర్ అనే చోటు ఉంది. అక్కడి కొన్ని కణాలు ఊపిరి ఎలా సాగుతోందో నేరుగా లోకస్ సెరూలియస్‌కు చేరవేస్తాయని 2017లో ఎలుకల్లో తేలింది. ఆ కణాలను తీసేస్తే ఎలుకలు ఊపిరి నెమ్మదించి, కదలక మెదలక ప్రశాంతంగా కూర్చున్నాయి. మనుషుల్లోనూ ఇదే దారి ఉంటే, నిమిషానికి ఆరుసార్లు చొప్పున నిశ్వాసం పొడిగించే ప్రాణాయామం మెలకువ జట్టుకు ఇంకో తాడు కోసినట్టే. అది పడుకునే ముందు దివ్యంగా పనికొస్తుంది. ఇప్పటికే జోగుతున్నవాడికి "దీర్ఘంగా ఊపిరి వదులు" అని చెప్పడం మాత్రం మన ధ్యానం క్లాసుల్లో తరచూ చేసే పొరపాటు.

ఒక అసలైన దినచర్య తీసుకుని లెక్క కట్టి చూద్దాం. హైదరాబాద్ శివారులోని ధమ్మఖేత్తతో సహా గోయెంకా సంప్రదాయపు విపశ్యన కేంద్రాలన్నిటిలో పది రోజుల శిబిరానికి ఒకే టైంటేబుల్: 4 గంటలకు గంట కొడతారు, 4.30 నుంచి 6.30 వరకు ధ్యానం, 11కు భోజనం, 1 నుంచి 2.30 వరకు మళ్ళీ ధ్యానం, రాత్రి 9.30కు పడక. ఇంటి దగ్గర 11.30కు పడుకుని 7కు లేచే మనిషి వెళ్ళాడనుకోండి. ఒంటి ఉష్ణోగ్రత మామూలుగా లేచే వేళకు సుమారు రెండు గంటల ముందు అట్టడుగున ఉంటుంది, అంటే ఇతనికి 5 గంటలకు. మొదటి కూర్చోవడం సరిగ్గా ఆ గుంటలో పడింది. రాత్రి 9.30కు పడుకున్నా ఒంట్లోని గడియారం ఇంకా ఇంటి వేళనే పాటిస్తుంది కనుక వెంటనే నిద్ర పట్టదు. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడు మధ్య మరో చిన్న గుంట ఉంది, అది భోజనం మానేసినా వస్తుంది, కడుపు నిండా అన్నం తింటే ఇంకా లోతవుతుంది. ఒంటి గడియారం రోజుకు సుమారు ఒక గంటే జరుగుతుంది. లేచే వేళలో మూడు గంటల తేడా సర్దుకోవడానికి మూడు రోజులు. వెళ్ళాలనుకునేవాళ్ళు అంతకు ముందు వారం నుంచే పడుకునే, లేచే వేళల్ని రోజుకు అరగంట చొప్పున ముందుకు జరుపుకుంటూ పోతే ఆ మూడు రోజులూ మిగులుతాయి.

నిద్రా ధ్యానమా అన్నది తేల్చుకోవడం కష్టమే. తొలి దశ నిద్రలోంచి లేపితే చాలామంది "నేను నిద్రపోలేదు" అంటారు, అబద్ధం చెప్పాలని కాదు. ఈఈజీలో మాత్రం తేడా ఉంది. 1961లో ఢిల్లీ ఎయిమ్స్‌లో ఆనంద్, ఛీనా, బల్దేవ్ సింగ్ యోగులను పరీక్షించినప్పుడు సమాధిలో సెకనుకు 8 నుంచి 13 సార్లు ఊగే ఆల్ఫా తరంగాలు నిలకడగా సాగాయి, బయట చప్పుడు చేసినా చెదరలేదు. నిద్రలోకి జారేటప్పుడు ఈ ఆల్ఫాయే మాయమై 4 నుంచి 7 సార్లు ఊగే థీటా వస్తుంది, మూసిన రెప్పల కింద కనుగుడ్లు మెల్లగా అటూ ఇటూ దొర్లుతాయి. ధ్యానంలో నుదుటి మధ్య భాగాన వేరే రకం థీటా కూడా కనబడుతుంది. అందుకే తలకు పట్టీ కట్టి "మీరు థీటా స్థితికి చేరారు" అనే పరికరాన్ని చూసి మురిసిపోకండి, అది గురక ముందు థీటా కూడా కావచ్చు.

ఇంట్లో చేసుకోగల పరీక్ష మీ చేతిలోనే ఉంది. చిన్ముద్రలో బొటనవేలూ చూపుడువేలూ కాగితం పట్టుకున్నంత తేలిగ్గా ఆనించండి. నిద్ర రాగానే కండరాల బిగి సడలి అవి విడిపోతాయి లేదా జారతాయి. జెన్ గురువులు ఒడిలో పెట్టుకున్న బొటనవేళ్ళ కొసలు విడిపోయాయా అని చూసేదీ ఇందుకే. ఇంకా ఖాయంగా తెలియాలంటే చేతిని పక్కకు చాపి, స్టీలు చెంచా పట్టుకుని, కింద పళ్ళెం పెట్టండి; నిద్ర పట్టగానే చెంచా జారి పళ్ళెంలో మోగుతుంది. శ్వాసల్ని 1 నుంచి 10 వరకు లెక్కపెట్టి మళ్ళీ 1కి రావడం కూడా మంచి కొలత: 14 అంటుండగా తెలిసిందంటే మనసు ఎటో తిరిగింది, అంకె బదులు అర్థం లేని వాక్యం వినిపించిందంటే నిద్ర.

"అది నిద్ర కాదు, విశ్వశక్తి ఒంట్లోకి దిగుతోంది" అనే వివరణ మన దగ్గర బాగా చెల్లుబాటవుతోంది. గంట ధ్యానం ఆరు గంటల నిద్రకు సమానమనే మాట కూడా. నిద్ర బాకీ తీరుతోందని చెప్పే గుర్తు గాఢ నిద్రలోని నిదానమైన పెద్ద డెల్టా తరంగాలు. మెలకువగా చేసే ధ్యానంలో అవి రావు, వచ్చాయంటే మీరు నిద్రపోయారు. పాతవాళ్ళు ఈ విషయంలో మనకన్నా నిక్కచ్చి. పతంజలి ఆలస్యాన్ని, అంటే బద్ధకాన్ని, యోగానికి తొమ్మిది ఆటంకాల్లో చేర్చాడు. కూర్చుని తూగుతున్న తన శిష్యుడు మొగ్గల్లానుడికి బుద్ధుడు చెప్పినట్టుగా పాలీ సూత్రాల్లో ఉన్న సలహాల్లో చెవులు లాగి ఒళ్ళు రుద్దుకోవడం, కళ్ళు నీళ్ళతో కడుక్కుని దిక్కులూ నక్షత్రాలూ చూడటం, మనసులో వెలుతురును భావించడం, అటూ ఇటూ నడవడం ఉన్నాయి. ఏదీ పనిచేయకపోతే కుడిపక్కకు తిరిగి పడుకోమన్నాడు.

నిద్ర రాకుండా జెన్ ఆదిగురువుగా చెప్పే బోధిధర్ముడు రెప్పలు కోసుకుంటే అవి పడ్డచోట తేయాకు మొలిచిందనేది కట్టుకథ. టీ పనిచేసే తీరు మాత్రం నిజం, అందులోని కెఫీన్ అడినోసిన్ కూర్చునే చోట తాను కూర్చుంటుంది. అరగంట పడుతుంది కనుక కూర్చోబోయే ముందు కాదు, అంతకు 30 నిమిషాల ముందు తాగాలి. సగం అరగడానికి దాదాపు ఐదు గంటలు పడుతుంది కనుక సాయంత్రం ధ్యానానికి టీ వద్దు. అన్నిటికన్నా గట్టి మందు ముందే 15-20 నిమిషాలు అలారం పెట్టుకుని పడుకోవడం. అరగంట దాటితే గాఢ నిద్రలోకి వెళ్ళి, లేచాక తల దిమ్ముగా ఉంటుంది.

ఆసనంలో ఎక్కువమంది చేసే తప్పు గోడకు ఆనుకోవడం. ఆనుకోకపోతే మెడ పడగానే చెవిలోని తూకపు అవయవం ఝల్లుమని లేపుతుంది. ఆనుకుంటే ఆ అలారం మోగదు, నేరుగా రెండో దశకు పోతారు. పిరుదుల కింద నాలుగు నుంచి ఆరు అంగుళాల ఎత్తు గట్టి దిండు వేసుకుని మోకాళ్ళు తుంటికన్నా కిందికి వచ్చేలా చూసుకుంటే వెన్ను తనంతట నిలబడుతుంది. మెత్తటి దిండయితే పావుగంటలో అణిగి నడుము వంగుతుంది. గడ్డం కొద్దిగా లోపలికి లాగితే చాలు, రొమ్ము మీదకు దించితే గొంతులో గాలి దారి ఇరుకై గురక మొదలవుతుంది. కళ్ళు సగం తెరిచి మూడు నాలుగు అడుగుల దూరంలో నేల మీద చూపు వాల్చండి. తెల్లవారుజామున ట్యూబులైటు వేసుకోండి. శాలువా తీసేయండి, సాక్సులు కూడా: పాదాలు వెచ్చబడితే నిద్ర త్వరగా పడుతుందని స్విట్జర్లాండ్‌లో క్రొయిషీ బృందం 1999లో చూపించింది. కాళ్ళు చన్నీళ్ళతో కడుక్కుని కూర్చోమనే మన అలవాటు ఈ లెక్కకు సరిపోతుంది. అయినా జోగుతుంటే 40 నిమిషాలు కూర్చునే పట్టుదల మాని పది నిమిషాలు నడక, ఇరవై నిమిషాలు కూర్చోవడం చేయండి.

వరుసగా రెండు వారాలు రాత్రి 7-8 గంటలు పడుకుని కూడా, ఉదయం పదింటికి వెలుతురున్న గదిలో కూర్చున్నా 8 నిమిషాల్లోపే నిద్రలోకి పోతున్నారంటే ధ్యానం గురువును అడిగి లాభం లేదు. గురక, పొద్దున్నే తలనొప్పి ఉంటే నిద్రలో ఊపిరి ఆగే జబ్బు కావచ్చు, రాత్రంతా ల్యాబులో చేసే నిద్ర పరీక్షలో తేలుతుంది. రక్తహీనత, థైరాయిడ్ తక్కువగా ఉండటం కూడా చూపించుకోవాలి. వాడుతున్న మాత్రలు కూడా ఒకసారి చూసుకోండి: జలుబుకు వేసుకునే అవిల్, సెట్రిజిన్ లాంటివి మెలకువ జట్టులోని హిస్టమిన్‌నే అడ్డుకుంటాయి, రాత్రి వేసుకున్న మాత్ర మత్తు మర్నాటి పొద్దుటి ధ్యానం దాకా ఉండొచ్చు.